మిఠాయి, మృష్టాన్నం, మార్జనం: ఒక తీపి మాట పుట్టుపూర్వోత్తరాలు
(ప్రసంగ పాఠం)

 

పెనుగొండ వంటి క్షేత్రంలో, నగరేశ్వరస్వామి, వాసవీ కన్యకా పరమేశ్వరి కొలువుదీరిన ఊరిలో, జీర్ణోద్ధరణ కుంభాభిషేకాల సందర్భంగా మాట్లాడమంటే ఎవరైనా ఆగమాన్ని గురించో, స్థలపురాణాన్ని గురించో మాట్లాడతారు. ఆ విషయాలు సాధికారంగా చెప్పగల పెద్దలు ఇక్కడ చాలమంది ఉన్నారు. నేను తెలుగు పండితుడుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. నాకు కాస్తో కూస్తో తెలిసినది మాటల పుట్టుక. అందువల్ల 'మిఠాయి' అనే మాటను గురించి చెబుతానని నిర్వాహకులకు విన్నవించాను. ఒకరిద్దరు నవ్వారు. నవ్వదగినదే. అయితే ఈ మాట పట్ల నేనొకప్పుడు అపచారం చేశాను. ముందు ఆ సంగతి చెప్పుకొని, ఆ తరువాత మాట సంగతికి వస్తాను.

కొన్నేండ్ల క్రిందట ఈ డెల్టాలోనే వేరొక గ్రామంలో ఒక ఆలయ ఉత్సవం జరిగింది. ఆహ్వాన పత్రిక అచ్చుకు పోయే ముందు తప్పులు దిద్దమని చిత్తుప్రతిని నా చేతికిచ్చారు. అందులో దాతల పేర్ల మధ్య 'మిఠాయి కైంకర్యం' అని ఒక పంక్తి, దాని క్రింద ఒక వర్తకుని పేరు ఉన్నాయి. నేను ఎర్రసిరాతో మిఠాయి మాటను కొట్టివేసి, 'మధుర పదార్థ సమర్పణ' అని వ్రాశాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ప్రక్కన, 'అన్యదేశ్యం, దేవాలయ పత్రికకు తగదు' అని కూడ వ్యాఖ్యానించాను.

రెండు రోజులకు ఆ వర్తకుడు మా ఇంటికి వచ్చాడు. తాత నాటి నుండి పాకం పట్టిన కుటుంబం వారిది. చేతిలో పొట్లం ఉన్నది. అరుగు మీద కూర్చొని, నెమ్మదిగా అన్నాడు: "మాస్టారూ, పత్రికలో నా పేరు తీసేసినా నేనేం అనుకోనండి. మా తాతగారు, మా నాన్నగారు చేసిన పని పేరే గుడికి పనికిరాదంటే ఎలాగండి?"

నేను ఆయనకు తత్సమం, తద్భవం, దేశ్యం, అన్యదేశ్యం అని పాఠం చెప్పాను. ఆయన అంతా విని, "ఆయ్, తమరు చదువుకున్నవారు," అని లేచి వెళ్ళిపోయాడు. పొట్లం అరుగు మీదనే ఉండిపోయింది. ఆ ఉత్సవానికి లడ్డూలు వచ్చాయి గాని, వాటితో ఆయన రాలేదు. కుమారుని చేత పంపించాడు.

నేను చెప్పిన పాఠం తప్పు. ఆ తప్పు ఎక్కడ ఉన్నదో ఇప్పుడు చెబుతాను.

మిఠాయి మన భాషకు హిందూస్థానీ ద్వారా వచ్చిన మాట అన్నంత వరకు నిజం. హిందీలో 'మీఠా' అంటే తీయనిది. దానికి 'ఆయీ' ప్రత్యయం చేరితే మిఠాయి. 'బడా' నుండి బడాయి వచ్చినట్లే ఇదీ వచ్చింది. లడాయి కూడ ఆ తోవనే మనకు చేరింది. ఈ మాట దక్షిణాదిన అన్ని భాషలలోనూ తిష్ఠ వేసుకున్నది. తమిళులు 'మిట్టాయ్' అంటారు. కోళిక్కోడులో ఒక పెద్ద బజారుకు 'మిఠాయి తెరువు' అనే పేరు. మన గోదావరి జిల్లాలలోనైతే మిఠాయి అనే మాట తీపి వస్తువులన్నింటికీ చెల్లుతూనే, బెల్లంపాకం పట్టిన శనగపిండి కొమ్ములకు ప్రత్యేకంగా నిలిచిపోయింది. తిరునాళ్ళలో పిల్లలు ఏడ్చి కొనిపించుకొనే పీచుమిఠాయి సరేసరి.

కాని 'మీఠా' ఎక్కడి నుండి వచ్చింది? నేను పారసీకమో అరబ్బీయో అనుకున్నాను. నిజానికి నిఘంటువు తెరిచి చూడనే లేదు. ఆ రెండు భాషల నుండి వచ్చిన తీపి మాటలు మనకు లేకపోలేదు. హల్వా అరబ్బీ, జిలేబీ అరబ్బీ, బర్ఫీ పారసీకం. అక్కడ 'బర్ఫ్' అంటే మంచు. మిఠాయి వీటి సరసన అంగడిలో కూర్చుంటుంది కాబట్టి వీటి బంధువే అని తీర్మానించాను. ప్రక్కన కూర్చున్నవారందరూ బంధువులు కానక్కరలేదు.

చాలకాలం తరువాత మా మనుమడు పెండ్లి విందులో, "మృష్టాన్న భోజనం అంటారు కదా, మృష్టం అంటే ఏమిటి తాతయ్యా?" అని అడిగాడు. రుచికరమైన అన్నం అని చెప్పి తప్పించుకున్నాను. ఇంటికి వచ్చి పుస్తకాలు తీశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

'మృజ్' అని సంస్కృతంలో ఒక ధాతువు. శుద్ధి చేయడం, తుడవడం దాని అర్థం. ధాతుపాఠంలో దీనిని రెండుచోట్ల చెప్పారు. రెండవచోట శౌచంతో పాటు అలంకారం అనే అర్థం కూడ ఇచ్చారు. శుభ్రపరచడమే అలంకరించడం అనే భావం ఆనాటికే ఉన్నదన్నమాట. సృజ్ ధాతువు మీద 'త' చేరితే సృష్టం అయినట్లు, మృజ్ మీద చేరితే 'మృష్టం' అవుతుంది: తుడిచినది, కడిగినది, మాలిన్యం తీసినది. అమరకోశం మూడవ కాండలో, విశేష్యనిఘ్న వర్గంలో, అమరసింహుడు శోధితం, నిర్ణిక్తం మొదలైన మాటల వరుసలో మృష్టాన్ని చేర్చాడు. అక్కడ రుచి ప్రసక్తి లేదు. శుభ్రత ఒక్కటే ఉన్నది.

ఇతిహాసాల నాటికి ఈ మాట వంటయింటి గడప దాటింది. ఏరి, కడిగి, శ్రద్ధగా సిద్ధపరచిన అన్నం మృష్టాన్నం అయింది. శ్రద్ధగా వండినది రుచిగా ఉంటుంది కనుక రుచికరమైనదీ మృష్టమే అయింది. మనం నేటికీ విందును మెచ్చుకొనేటప్పుడు ఈ అర్థంలోనే వాడుతున్నాము.

ఆపైన ప్రాకృతం వచ్చింది. సంస్కృతంలోని ఋకారాన్ని ప్రాకృతం నిలుపుకోలేదు. ఒక్కొక్క మాటలో ఒక్కొక్క అచ్చుగా మార్చుకున్నది. దృష్టి 'దిట్ఠి' అయింది. మన ఇండ్లలో పసిపిల్లలకు తీసే 'దిష్టి' కూడ ఆ దృష్టికి వచ్చిన మార్పే. ఇక మృష్టం ఏమైంది? 12వ శతాబ్దంలో గుజరాతు దేశాన వర్ధిల్లిన జైన పండితుడు హేమచంద్రుడు తన ప్రాకృత వ్యాకరణంలో దీనికి ముచ్చటైన నియమం చెప్పాడు. రుచిని గురించి చెప్పేటప్పుడు మాత్రమే అది 'మిట్ఠ' అవుతుంది, తక్కిన చోట్ల 'మట్ఠ' అవుతుంది అన్నాడు. ఒకే మాట రెండు పాయలైన చోటు ఇది. మన ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠలుగా చీలినట్లు, శుభ్రత ఒక పాయగా, తీపి ఒక పాయగా విడిపోయాయి. ఆ చీలికను ఒక వ్యాకర్త కళ్ళారా చూచి గుర్తుపెట్టి వెళ్ళాడు. ఇటువంటి అదృష్టం అన్ని మాటలకూ దొరకదు.

'మిట్ఠ' నుండి 'మీఠా' కు ఒక్క అడుగే. జంట హల్లును సడలించి, దానికి బదులు ముందరి అచ్చును సాగదీయడం ఉత్తరాది భాషల అలవాటు. అష్ట మొదట అట్ఠ అయి, హిందీలో 'ఆఠ్' అయింది. యష్టి అంటే కర్ర. అది లట్ఠి అయి, లాఠీ అయింది. పోలీసు లాఠీ కూడ యష్టి సంతానమే అని తెలిస్తే దెబ్బ తగ్గదు గాని, వినడానికి వింతగా ఉంటుంది. పంజాబీవారు ఆ జంట హల్లును వదులుకోలేదు. వారు నేటికీ 'మిట్ఠా' అంటారు. ఒడియాలో 'మిఠా', బెంగాలీలో 'మిష్టి'. ఈ 'మిష్ట' రూపం సంస్కృత నిఘంటువులలో కూడ కనిపిస్తుంది. ఇది ప్రాకృతపు ఇకారాన్ని వెంటబెట్టుకొని మళ్ళీ సంస్కృతంలోకి వెళ్ళిన మాట. అత్తవారింటి యాసతో పుట్టింటికి వచ్చిన ఆడపడుచు వంటిది. మృష్టాన్నం, మిష్టాన్నం అని మనం రెండు విధాలా పలకడానికి కారణం ఇదే. ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అని పిల్లల వ్రాతపుస్తకాలలో నేను కొట్టివేసిన సందర్భాలున్నాయి. అవి కూడ నా ఖాతాలోనివే.

రాల్ఫ్ టర్నర్ అనే ఆంగ్ల పండితుడు 1931లో నేపాలీ నిఘంటువును, 1962కు 1966కు మధ్య ఇండో ఆర్య భాషలన్నింటికీ కలిపి ఒక తులనాత్మక నిఘంటువును వెలువరించాడు. అటువంటి గ్రంథం చేతికి వస్తే ఈ ఒక్క మాట ఎన్ని దేశాలు తిరిగి, ఎన్ని వేషాలు వేసిందో తెలుస్తుంది. నేపాలీలో 'మీఠో' అంటే తీపి కాదు, రుచిగా ఉన్నది అని. కూర బాగుంటే కూడ మీఠో అంటారు. తీపికి వారు వేరే మాట వాడతారు; 'గులియో' అంటారు, అది గుడం, అంటే బెల్లం, నుండి వచ్చింది. హిందీలో 'మీఠా పానీ' అంటే పంచదార నీళ్ళు కావు, ఉప్పదనం లేని మంచినీళ్ళు. ఒకవంక ఏటినీరు, ఒకవంక సముద్రపు పోటు చూచిన మన డెల్టావాసులకు ఆ మాట విలువ వేరే చెప్పనక్కరలేదు. కరివేపాకు చెట్టును వారు 'మీఠీ నీమ్' అంటారు. చేదు లేని వేప అని భావం.

ఇక అన్నింటికంటె విడ్డూరం మరాఠీలో ఉన్నది. మరాఠీలో 'మీఠ్' అంటే ఉప్పు! గుజరాతీలో 'మీఠుఁ' అన్నా ఉప్పే. అదే మాటకు తీపి అనే అర్థం కూడ ఉన్నది. తీపి పేరు ఉప్పుకు ఎట్లు వచ్చిందని కంగారు పడనక్కరలేదు. మృష్టం అంటే ముందు తీపి కాదు, రుచి కల్గించబడినది. వంటకు రుచిని కల్గించేది ఉప్పు గనుక ఆ పేరు దానికి చెల్లింది. రాత్రివేళ ఉప్పు అనే మాట పలకకుండ మరొక మాటతో అడిగే పెద్దలు మన ఇండ్లలో ఉండేవారు. అటువంటి సంకోచం కూడ దీనికి తోడ్పడిందేమోనని నా ఊహ, ఊహ మాత్రమే. మనమేమీ తక్కువ తినలేదు. లవణం నుండి 'లావణ్యం' అని అందానికి పేరు పెట్టుకున్న సంప్రదాయం మనది.

ఇక్కడ ఒక ప్రశ్న రాక తప్పదు. తీపికి వేదకాలం నుండి మాటలు లేవా? 'మధు', 'స్వాదు' ఉన్నాయి కదా?

ఉన్నాయి. అవి మహావంశీకులు. మధు అంటే తేనె. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృత, గ్రీకు, లాటిను భాషలు ఒకే మూలం నుండి పుట్టి ఉండాలని చెప్పిన నాటి నుండి పండితులు పోల్చి చూచిన మాటలలో ఇదొకటి. లిథువేనియాలో తేనెను 'మేదుస్' అంటారు, రష్యాలో 'మ్యోద్' అంటారు. ఇంగ్లీషులో 'మీడ్' అంటే తేనెతో చేసిన మద్యం. స్వాదు శబ్దానికి ఇంగ్లీషులో తోబుట్టువు 'స్వీట్'. మా మిఠాయి వర్తకుని అంగడి పలక మీద 'మిఠాయి' అని, దాని ప్రక్కన 'స్వీట్స్' అని ఉంటుంది. రెండూ పరాయివని నేను ముఖం చిట్లించాను. చూడబోతే ఒకటి మన మృష్టం. రెండవది మన స్వాదువుకు దూరదేశంలో పెరిగిన సోదరి.

మధు శబ్దం మన తెలుగునాట చేసిన ప్రయాణం ఇంకా చిత్రమైనది. వివాహంలో వరునికి తేనె, పెరుగు, నెయ్యి కలిపి ఇచ్చే మర్యాద మధుపర్కం. నేడు 'మధుపర్కాలు' అంటే మనకు తేనె జ్ఞాపకం రాదు, ఆ వేళ వధూవరులు కట్టుకొనే తెల్లని బట్టలు జ్ఞాపకం వస్తాయి. తేనె కాస్తా బట్ట అయి కూర్చున్నది.

ఆయుర్వేదం షడ్రసాలను లెక్కించేటప్పుడు మధురం అన్నది గాని మిష్టం అనలేదు. తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో 1479లో జన్మించి, ఉత్తరదేశంలో పుష్టిమార్గాన్ని స్థాపించిన వల్లభాచార్యులు కృష్ణుని పెదవి నుండి నడక దాకా అన్నింటినీ కీర్తించడానికి ఎంచుకొన్నదీ మధుర శబ్దాన్నే. ఆ స్తోత్రానికి మధురాష్టకం అనే పేరు. మధురం కంటికి, చెవికి, మనస్సుకు కూడ చెల్లుతుంది. ఆ గౌరవం మిష్టానికి దక్కలేదు. అది నాలుకను అంటిపెట్టుకొని, అంగడిలోనే మిగిలింది.

మన తీపి, తేనె మాత్రం ఈ వంశాలలో దేనికీ చెందవు. తమిళ మలయాళాలలో తేన్, కన్నడంలో జేను, తెలుగులో తేనె. అది దక్షిణాది సొత్తు. తెలుగు మొదలైన భాషలకు సంస్కృతం తల్లి కాదని ఎల్లిస్ 1816లోనే నిరూపించాడు. పూతరేకులు అన్నప్పుడు పూత, రేకు రెండూ అచ్చతెలుగు మాటలే. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని సంతోషించినవారు, ఆ పేరులోని తెలుగుదనాన్ని చూచి మరొకమారు సంతోషించవచ్చు. తాపేశ్వరం కాజా దారి వేరు. ఖాద్యం ప్రాకృతంలో 'ఖజ్జ' అయి, హిందీలో 'ఖాజా' అయి మనకు వచ్చింది. అదే ఖజ్జ అంతకు చాల ముందే నేరుగా వచ్చి మన కజ్జికాయలో దూరింది. అన్నదమ్ములిద్దరూ ఒకే గాజు బీరువాలో ప్రక్క ప్రక్కన కూర్చొని, ఒకరినొకరు గుర్తుపట్టకుండ ఉన్నారు.

అసలు విషయానికి వస్తాను. ధ్వనులు ఎట్లు మారాయో పుస్తకాలు చెప్పాయి. కాని శుభ్రమైనది అనే అర్థం ఉప్పుతో ఆగిపోక, పులుపుతో పోక, ఎక్కువ భాషలలో తీపి దగ్గరకే ఎందుకు చేరింది? ఇది నాకు ఏ పుస్తకంలోనూ తృప్తిగా దొరకలేదు. మిఠాయి వంటశాలలో దొరికింది.

క్షమాపణ చెప్పుకోవాలని ఒకనాటి ఉదయం ఆ వర్తకుని దగ్గరకు వెళ్ళాను. అంగడి వెనుక వంటశాలలో ఆయన పాకం పడుతున్నాడు. పెద్ద మూకుడులో పంచదార, నీళ్ళు తెర్లుతున్నాయి. నన్ను చూచి, "రండి మాస్టారూ," అన్నాడు గాని చేతిపని ఆపలేదు. గరిటెడు పాలు తీసుకొని పాకంలో పోశాడు. క్షణంలో ఎక్కడెక్కడి మురికి నల్లని తెట్టుగా పైకి తేలింది. చిల్లుల గరిటెతో దానిని తీసి పారబోశాడు. మళ్ళీ కొంచెం పాలు, మళ్ళీ తెట్టు. మూడవమారు పాకం అద్దంలా మెరిసింది. మూకుడు అడుగు కనిపించింది.

"పంచదార తెల్లగానే ఉన్నది కదా, ఇంకా మురికి ఎక్కడిది?" అని అడిగాను.

"తెల్లగా ఉన్నంత మాత్రాన శుభ్రం కాదండి. ఇది తీయకపోతే మిఠాయి మసగ్గా వస్తదండి, రుచీ తేడా చేస్తది. పాకం పట్టడం ఏముందండి, ఎవరైనా పడతారు. మురికి తీయడమేనండి మా పని."

మురికి తీయడమే ఆయన పని. మృజ్ ధాతువుకు ధాతుపాఠం చెప్పిన అర్థమూ అదే. నేను నలభై ఏండ్లు వ్యాకరణం చెప్పి తెలుసుకోనిది ఆయన గరిటెతో చూపించాడు.

ఆలోచించిన కొద్దీ ఇది చెరకు దగ్గరకే పోతుంది. 1947లో తణుకులో ఆంధ్రా షుగర్స్ సంస్థ ఏర్పడక ముందు నుండే బెల్లం వండడం పల్లెలకు తెలిసిన విద్య. గానుగ నుండి వచ్చిన రసం పచ్చగా, మడ్డిగా ఉంటుంది. పెనంలో పోసి కాస్తూ సున్నపు తేట వేస్తారు. కొందరు బెండకాడల జిగురు వేస్తారు. రసంలోని మలినం ఆ జిగురుకు పట్టి పైకి తేలుతుంది. తేలినదాన్ని తేలినట్లు తీస్తూ పోవాలి. తీసే మనిషి ఏమరితే బెల్లం నల్లబడుతుంది, నిలవ ఉండదు. తేనెకు ఈ శ్రమ లేదు, ఈగలే చేసిపెడతాయి. చెరకు తీపి మాత్రం మనిషి తీపి. కడిగితే, వడకడితే, తెట్టు తీస్తేనే వస్తుంది. చెరకును గానుగాడించి బెల్లాన్నీ చక్కెరనూ వండుకొన్న దేశంలో, తీయనిదానికి 'శుద్ధి చేసినది' అని పేరు రావడం నాకిప్పుడు వింతగా లేదు. ఇది నా నిర్ణయం. పండితులు కాదంటే వింటాను గాని, ముందు ఒక్కసారి ఆ వంటశాలకు వెళ్ళి రమ్మంటాను.

ఇక, పాఠకులారా, అభిషేక సమయంలో మీరు విన్నదానిని ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. పంచామృతాలలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క మంత్రం ఉన్నది. తేనెకు చెప్పే ఋక్కులు ఋగ్వేదం మొదటి మండలం 90వ సూక్తంలోనివి. అవి నేరుగా మధువును గురించినవే. శర్కరకు చెప్పేది తొమ్మిదవ మండలం 85వ సూక్తంలోని ఆరవ ఋక్కు. అది స్వాదు శబ్దంతో మొదలవుతుంది. అయితే అది చక్కెరను గురించినది కాదు, సోమరసాన్ని గురించినది. ఋగ్వేదంలో చక్కెర ప్రసక్తి లేదు. తరువాతి కాలంలో శర్కరతో అభిషేకం చేయవలసి వచ్చినప్పుడు పెద్దలు సోముని ఋక్కును దానికి వినియోగించారు. ఆ ఎంపికలోని ఔచిత్యం చూడండి. ఆ మండలమంతా సోమరసాన్ని ఉన్నిజల్లెడ మీద వడకట్టి పవిత్రం చేయడాన్ని గురించినదే. వ్రేళ్ళతో సోముని శుద్ధి చేయడాన్ని చెప్పేచోట ఆ ఋషులు మాటిమాటికీ వాడిన ధాతువు ఈ మృజ్ ధాతువే. వడకట్టి తేర్చిన తీపికి, వడకట్టి తేర్చిన రసపు మంత్రం.

మృష్టం పోయిన రెండవ పాయను కూడ చూడవలసి ఉన్నది. సంధ్యావందనంలో శిరస్సున నీళ్ళు చల్లుకొనడం మార్జనం. మాటిమాటికీ ఒంటిని నాకి శుభ్రం చేసుకొనేది మార్జాలం అని చెబుతారు. పిల్లి కూడ ఈ కుటుంబంలోనిదే. ఆలయం ఊడ్చడం సమ్మార్జనం, చీపురు సమ్మార్జని. తిరుమలలో ఏటా నాలుగుమారులు జరిగే కోయిల్ ఆళ్వార్ తిరుమంజనాన్ని కూడ ఇందులో చేర్చాలని నాకు ఆశ పుట్టింది గాని, అది స్నానార్థకమైన మజ్జన శబ్దం. ఆశపడి కలుపరాదు.

ఈ సమ్మార్జనాన్ని మన మతం చిన్నపనిగా ఎన్నడూ ఎంచలేదు. ఏడవ శతాబ్దపు శైవభక్తుడు తిరునావుక్కరసర్ ప్రతిమను తమిళదేశపు శివాలయాలలో చూడండి. ఆయన చేతిలో పుస్తకం గాని ఆయుధం గాని ఉండదు. గుడి ఆవరణలో గడ్డి చెక్కే పార ఉంటుంది. పూరీ రథయాత్రలో గజపతి మహారాజు బంగారుపిడి చీపురుతో రథాలను ఊడుస్తాడు. అదే ఊరిలో, ఆ చీపురు కదలిక చూచిన జనం, అంగడికి వెళ్ళి 'మిఠా' కొనుక్కుంటారు.

ఇప్పుడు ఈ సంచిక సంగతి. అచ్చుకు ముందు దాతల పట్టిక నా దగ్గరకు వచ్చినప్పుడు రెండు మార్పులు కోరాను. మొదటిది, నా పాత అపచారానికి సంబంధించినది. ప్రసాద వితరణకు సంబంధించిన చోట 'మధుర పదార్థములు' అని ఎవరో వ్రాశారు. ఎవరినీ అనవలసిన పని లేదు. నా వంటివాడే ఎవరో. దానిని 'మిఠాయి కైంకర్యం' అని దిద్దాను. ఆనాటి వర్తకునికి ఆ ప్రతిని చూపిస్తే, కళ్ళజోడు పెట్టుకొని చదివి, "బోర్డు మీద కూడ మృష్టాన్నం అని మార్పించమంటారా మాస్టారూ?" అని అడిగాడు. వద్దన్నాను. మిఠాయి అని ఉండనిమ్మన్నాను.

రెండవది కొంచెం కష్టపడవలసి వచ్చింది. కలశాలకు ఇచ్చినవారు, ధ్వజస్తంభపు తొడుగుకు ఇచ్చినవారు, విద్యుద్దీపాలకు ఇచ్చినవారు అందరి పేర్లూ ఉన్నాయి. తెల్లవారుజామున అందరికంటె ముందు వచ్చి, రాతిపని జరిగినన్నాళ్ళూ పేరుకుపోయిన రాతిపొడిని గర్భాలయం గడప దాకా ఊడ్చి, కడిగి, ముగ్గువేసి వెళ్ళిన స్త్రీల పేర్లు లేవు. వారు కూలికి చేసినవారు గదా, దాతలెట్లు అవుతారని ఒక సందేహం వచ్చింది. రాతి శిల్పులకూ కూలి ముట్టింది, వారి పేర్లు వేశాము గదా అన్నాను. కొంతసేపు చర్చ జరిగింది. చివరకు ఒప్పుకున్నారు. పేర్లు వ్రాసుకోవడానికి వెళితే వారిలో పెద్దావిడ, "మా పేర్లెందుకు బాబూ, ఊడిస్తే మళ్ళీ దుమ్ము పడతానే ఉంటది," అన్నది. అయినా చెప్పింది.

సంచిక చివరి పుటలలో 'మిఠాయి కైంకర్యం' అనే శీర్షిక క్రిందనే 'సమ్మార్జన కైంకర్యం' అనే శీర్షిక ఉన్నది. ఆ రెండింటినీ ప్రక్క ప్రక్కన వేయమని కోరినది నేనే. ఆ పేర్లలో అక్షరదోషాలు లేకుండ రెండుమారులు చూచాను.